డిస్‌ప్లే రావట్లేదు: తప్పు ర్యామ్‌దేనా?

సిస్టం ఊరికూరికే హ్యాంగ్ అవుతోందంటే చుట్టుపక్కల నుంచి వచ్చే మొదటి సలహా ‘ఫార్మాట్ కొట్టించెయ్’. షాపులో ఇస్తే సాయంత్రానికల్లా కొత్త విండోస్ వేసి ఇస్తారు. రెండ్రోజులు బుద్ధిగా నడుస్తుంది. మూడో రోజు పిల్లల ప్రాజెక్టు టైప్ చేస్తుండగా మళ్లీ మొదటికే: విండోస్ కూలిపోయి నీలి తెర. ఈసారి వైరస్ అంటారు, ఆ తర్వాత హార్డ్ డిస్క్ అంటారు, చివరికి ‘మదర్‌బోర్డు పోయిందండీ’ అని తేల్చేస్తారు. ఆ మాటకు చాలాసార్లు అసలు అర్థం ‘ఏం పోయిందో మాకూ అంతు చిక్కలేదు’ అని.

అలాగని మెకానిక్‌ను తిట్టుకుని లాభం లేదు. హార్డ్‌వేర్ లోపాన్ని పట్టుకోవడం నిజంగానే కష్టం. ఎందుకంటే తెర మీద కనిపించే పేరు దెబ్బ తిన్నవాడిది, కొట్టినవాడిది కాదు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ తమ సామాను తాత్కాలికంగా పెట్టుకునే మెమరీయే ర్యామ్. అందులో ఒక్క గడి చెడిందనుకోండి, ఆ క్షణానికి ఆ గడిలో ఎవరి సామాను ఉంటే వాళ్లు కూలిపోతారు. పొద్దున బ్రౌజర్, మధ్యాహ్నం వర్డ్, రాత్రి విండోసే. మూడు ఫిర్యాదులు, మూడు వేర్వేరు ఎర్రర్ సందేశాలు, దొంగ మాత్రం ఒక్కడే. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది: తెర మీద ‘మెమరీ’ అని స్పష్టంగా రాసి ఉంటుంది, మెమరీకి ఏ పాపమూ తెలియదు.

ఈ రెండో రకానికి ఇంటెల్ ప్రాసెసర్ల కథ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నవాళ్లలో చాలామందికి ఆటలు మొదలెట్టగానే ‘వీడియో మెమరీ సరిపోలేదు’ అనే సందేశం వచ్చేది. లక్షలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డులో 24 జీబీ మెమరీ ఖాళీగా ఉన్నా అదే మాట. సహజంగానే అందరూ కార్డును అనుమానించారు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశారు, కొందరు కార్డులే మార్పించుకున్నారు. అసలు జరుగుతున్నది వేరు. ఆట మొదలయ్యేటప్పుడు కుదించిన ఫైళ్లను విప్పే పని ప్రాసెసర్‌ది. ఆ విప్పడంలో అది లెక్క తప్పుతోంది, తప్పు లెక్క అందుకున్న సాఫ్ట్‌వేర్ బెంబేలెత్తి తనకు తోచిన కారణం తెర మీద రాస్తోంది. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తీసుకుంటూ లోలోపల అరిగిపోతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో సవరణ విడుదల చేసి, వారంటీని ఇంకో 2 ఏళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిపోయిన చిప్‌ను ఆ సవరణ బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే.

మొదటి రకానికి ఉదాహరణ సాక్షాత్తూ, విండోస్ లాంటిదే అయిన లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. 2022 అక్టోబరులో ఆయన మెషీన్‌లో ప్రోగ్రాములు ఎక్కడ పడితే అక్కడ కూలిపోసాగాయి. అప్పుడే లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో కొత్త కోడ్ కలుపుతున్న రోజులు కనుక బగ్ అందులోనే ఉందనుకుని దాని వెంట పడ్డారు. తీరా చూస్తే ఒక ర్యామ్ స్టిక్ (మెమరీ చిప్పులు అంటించిన పట్టీ) చెడిపోయింది. తప్పును తనంతట తాను దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ఆ మెషీన్‌లో లేదు. ఆ రకం మెమరీ మామూలు కంప్యూటర్లకూ కావాలని ఏళ్ల తరబడి గొంతు చించుకున్నది ఆయనే! కంప్యూటర్ కడుపులో ఏముందో తెలిసిన మనిషే ముందు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాడంటే, మన వీధి చివరి షాపులో కుర్రాడు ఫార్మాట్ కొట్టడంలో వింతేముంది?

ఓటి కుండల వరస

ర్యామ్ ఎందుకు ఇలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే ఒక్క గడిని దగ్గరగా చూడాలి. 1968లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ పేటెంటు పొందిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది: ఒక ట్రాన్సిస్టర్, దాని పక్కన రవ్వంత విద్యుత్తు పట్టే కెపాసిటర్. నిండి ఉంటే ఒకటి, ఖాళీగా ఉంటే సున్నా. చిక్కేమిటంటే ఈ కెపాసిటర్ ఓటి కుండ. పోసింది పోసినట్టు కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి గడినీ 64 మిల్లీసెకన్ల లోపు ఒకసారి చదివి, నిండుగా ఉండాల్సినదాన్ని మళ్లీ నింపాలి. అంటే సెకనుకు 15 సార్లకు పైనే. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే ఇంకా త్వరగా కారుతుంది కనుక ఆ గడువు సగానికి తగ్గుతుంది. 8 జీబీ ర్యామ్‌లో ఇలాంటి కుండలు దాదాపు 6,872 కోట్లు. వీటిలో ఏ ఒక్కటి గడువుకు ముందే ఖాళీ అయినా ఒకటి కాస్తా సున్నా అవుతుంది.

అయితే ఏమిటట? తెలుగు అక్షరాలతోనే చూడొచ్చు. కంప్యూటర్ అక్షరాన్ని అంకెగా దాచుకుంటుంది. యూనికోడ్‌లో ‘ల’ నంబరు 3122, ‘ళ’ నంబరు 3123. సున్నా, ఒకటి మాత్రమే ఉండే లెక్కలో రాస్తే ఈ రెంటికీ తేడా చిట్టచివరి బిట్టు, అంటే చివరి అంకె, ఒక్కటే. ఆ ఒక్క బిట్టు తిరగబడితే మీరు టైప్ చేసిన ‘కళ’ కాస్తా ‘కల’ అయిపోతుంది. త-థ, ద-ధ, ప-ఫ, బ-భ జంటలన్నీ ఇంతే, ఒక్క బిట్టు దూరం. ఫైలు తెరుచుకుంటుంది, ఎర్రర్ రాదు, స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ కూడా నోరు మెదపదు. అదే బిట్టు విండోస్ తాలూకు చిరునామా పట్టికలో తిరగబడితే నీలి తెర. ఫొటో ఫైలులో తిరగబడితే ముఖం మీద బూడిద రంగు పట్టీ. చెడిన ర్యామ్‌తో అసలు ప్రమాదం నీలి తెర కాదు, అది రాకుండా నిశ్శబ్దంగా డిస్క్‌కు ఎక్కిపోయే తప్పులు.

ఇలా బిట్లు తిరగబడడానికి అంతరిక్షం నుంచి వచ్చే కణాలు కారణమన్న మాట తరచూ వినిపిస్తుంది. కణాల దెబ్బకు బిట్లు తిరగబడడం కట్టుకథ కాదు, కాకపోతే అవి అంతరిక్షం నుంచే రానక్కర్లేదు. చిప్పు పైన ఉండే సిరామిక్ తొడుగులోని రేడియోధార్మిక మలినాలే బిట్లను తిప్పేస్తున్నాయని 1970ల చివర్లో ఇంటెల్ పరిశోధకులు టిమోతీ మే, మర్రే వుడ్స్ నిరూపించారు. కానీ ఇంట్లో కంప్యూటర్ వారానికి మూడుసార్లు పడిపోతుంటే నింద అంతరిక్షం మీదికి నెట్టకూడదు. బియాంకా ష్రోడర్ బృందం గూగుల్ సర్వర్ల మెమరీని రెండున్నరేళ్ల పాటు గమనించి 2009లో ఫలితాలు వెల్లడించింది. ఏడాదిలో సుమారు 8 శాతం ర్యామ్ స్టిక్కుల్లో తప్పులు కనిపించాయి, వాటిలో ఎక్కువ భాగం గాలివాటున వచ్చిపోయేవి కావు, చిప్పులోనే పాతుకుపోయిన లోపాలు. వేడి ప్రభావం అందరూ అనుకున్నంత లేదని కూడా అదే అధ్యయనం తేల్చింది. ఇక ఇళ్లలో వాడే కంప్యూటర్ల మీద మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో చేసిన పని మనకు మరీ దగ్గరిది. దాదాపు 10 లక్షల పీసీల క్రాష్ రిపోర్టులు తిరగేస్తే తేలింది ఇదీ: హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి పడిపోయిన మెషీన్ రెండోసారి పడిపోయే అవకాశం, అసలు పడని మెషీన్‌తో పోలిస్తే వంద రెట్ల దాకా ఎక్కువ. కనుక ‘ఏదో ఒకసారి అలా అయింది, రీస్టార్ట్ చేస్తే సరిపోయింది’ అనుకోవడం హార్డ్‌వేర్ విషయంలో చెల్లదు.

మూత విప్పకముందు

స్క్రూడ్రైవర్ కంటే ముందు కావలసింది కాగితం, పెన్ను. ఎప్పుడు పడిపోయింది, అప్పుడు ఏం నడుస్తోంది, ఆన్ చేసి ఎంతసేపైంది రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాసేసరికి ఒక వరస కనిపిస్తుంది. ఒకే ప్రోగ్రాంలో ఒకే పని దగ్గర పడిపోతుంటే అది సాఫ్ట్‌వేర్. ఏ వరసా లేకుండా రకరకాల చోట్ల పడుతుంటే హార్డ్‌వేర్ మీద అనుమానం పెంచుకోవచ్చు. ఆన్ చేసిన ఇరవై నిమిషాలకు అంటే వేడి సంగతి చూడాలి. ఆట ఆడినప్పుడే, వీడియో ఎడిటింగ్ చేసినప్పుడే అంటే ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) లేదా గ్రాఫిక్స్ కార్డు. టేబుల్ కదిలితే పడిపోతోందంటే ఎక్కడో కనెక్షన్ వదులు. పొద్దున మొదటిసారి ఆన్ కాదు, రెండు మూడు సార్లు నొక్కితే అవుతుంది, ఆ తర్వాత రోజంతా మామూలే అంటే ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ముసలివైపోయి ఉండొచ్చు.

విండోస్ దాచుకునే ఈవెంట్ చిట్టాలో ‘కెర్నల్ పవర్, 41’ అన్న ఎర్ర గుర్తు చూసి ఎస్‌ఎంపీఎస్ కొనేసినవాళ్లు చాలామంది ఉంటారు. పేరులో పవర్ ఉంది గానీ ఆ నమోదుకు అర్థం ‘ఇంతకుముందు నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు’ అని, అంతే. ఎందుకు ఆగిందో విండోస్‌కూ తెలియదు. ప్లగ్గు పీకేసినా అదే వస్తుంది, ర్యామ్ చెడి మెషీన్ బిగుసుకుపోతే మనం బటన్ నొక్కిపట్టి ఆపినా అదే వస్తుంది. దానికంటే ‘డబ్ల్యూహెచ్ఈఏ’ పేరుతో వచ్చే నమోదులు విలువైనవి. అవి హార్డ్‌వేర్ స్వయంగా చేసుకున్న ఫిర్యాదులు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే కంప్యూటర్ రీస్టార్ట్ అయితే అది చాలావరకు రోగమే కాదు. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా కరెంటు లేకుండా నెట్టుకురాగలిగేది 16, 17 మిల్లీసెకన్లే. మామూలు మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అటు నెడితే చాలు. రిపేరు బిల్లు లేకుండా తీరే కంప్లయింటు ఇదొక్కటే కావచ్చు.

బ్యాకప్ విషయంలో ఒక మెలిక ఉంది. సిస్టం అనుమానంగా ఉంది, ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేద్దాం అనిపిస్తుంది. కానీ కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్లాలి. చెడిన ర్యామ్‌తో తీసిన కాపీ చెడి ఉండొచ్చు. కాపీ తీయండి, కానీ పాత బ్యాకప్ మీద రుద్దకుండా వేరే చోటికి తీయండి. డిస్క్‌లో తప్పులు దిద్దే చెక్‌డిస్క్ లాంటివి ఈ దశలో అసలు నడపకూడదు. చెడిన ర్యామ్‌లోంచి చూసే ఆ ప్రోగ్రాంకు బాగున్నది కూడా తప్పుగానే కనిపిస్తుంది, ‘దిద్ది’ మరీ పాడు చేస్తుంది. ఫార్మాట్ కొట్టి విండోస్ వేయడంలోనూ ఇదే చిక్కు. కొత్త విండోస్ ఫైళ్లు కూడా ఆ ఓటి కుండల్లోంచే డిస్క్‌కు చేరతాయి. సగంలో ఒకసారి ఒక ఎర్రర్, మళ్లీ మొదలెడితే ఇంకో చోట ఇంకో ఎర్రర్ వస్తోందంటే సీడీనో పెన్‌డ్రైవ్‌నో తిట్టుకోవడం ఆపి ర్యామ్ చూడాలి.

రబ్బరు, ఒక స్టిక్, ఒక స్లాట్

షాపు భాషలో ‘నో డిస్‌ప్లే’ అనే కేసు తీసుకుందాం. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. క్యాబినెట్‌కు చిన్న స్పీకర్ ఉంటే బీప్ మోతలు వస్తాయి. ఆ మోతల లెక్క కంపెనీకో రకం కాబట్టి బోర్డు పుస్తకం చూడాలి. కొత్త బోర్డుల్లో మోతలకు బదులు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ పేర్లతో నాలుగు బుల్లి లైట్లు ఉంటాయి. ర్యామ్ లైటు దగ్గర ఆగిపోతే సగం పని తేలికైనట్టే. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ పట్టే బోర్డు అయితే కాస్త ఓపిక పట్టాలి. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ఆ ర్యామ్‌కు తగ్గ వేళలు తానే వెతుక్కుంటుంది, కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండడం మామూలే. పాడైందనుకుని మధ్యలో ఆపేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ప్లగ్గు పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను ఓ ముప్పై సెకన్లు నొక్కిపట్టాలి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. చేత్తో క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని అప్పుడు లోపల చెయ్యి పెట్టాలి. ర్యామ్ స్లాట్ చివరి క్లిప్పు వెనక్కి వంచితే స్టిక్ పైకి లేస్తుంది. ఫోన్ టార్చి వేసి స్లాట్ గాడిలోకి చూడండి. నాలుగేళ్లు తెరవని క్యాబినెట్‌లో ఆ గాడి నిండా దూది పరిచినట్టు దుమ్ముంటుంది, ఒక్కోసారి చీమల గుడ్లూ దొరుకుతాయి. బ్రష్‌తో మెల్లగా దులపాలి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి.

స్టిక్ అంచున బంగారు రంగు పళ్లున్నాయే, వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర ప్రతి మెకానిక్ చేసే పని. వెక్కిరించాల్సిన పని కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ పళ్ల మీద మసక పొర పడుతుంది, రుద్దితే పోతుంది. కాకపోతే ఆ బంగారు పూత మందం మైక్రాన్‌కు కూడా తక్కువే. ఇసుక కలిసిన గరుకు రబ్బరుతో నెలకోసారి రుద్దితే పూత పోయి కింది లోహం బయటపడుతుంది, అప్పుడు తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. మెత్తటి తెల్ల రబ్బరు, ఒకే దిక్కుకు రెండు మూడుసార్లు, పొట్టు పూర్తిగా తుడిచెయ్యాలి. అంతకంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ మేలు.

ఇప్పుడు ఒక్క స్టిక్కే పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్ సరైన చోటు. రెండు చివర్లా సమంగా నొక్కితే ‘టక్’ మని క్లిప్పు తనే పడుతుంది. ఆ చప్పుడు రాకపోతే కూర్చోలేదని అర్థం, కంటికి కూర్చున్నట్టే ఉన్నా సరే. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ పళ్లు 288 చొప్పునే గానీ మధ్య గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. దిగకపోతే బలం ఉపయోగించొద్దు.

డిస్‌ప్లే వచ్చిందనుకుందాం. ఊపిరి పీల్చుకుని మూత బిగించేయడం తొందరపాటు. తీసి పెట్టడంతో సర్దుకున్న కేసుల్లో తప్పు పళ్లదో, స్లాట్‌దో, స్టిక్‌దో ఇంకా తేలనే లేదు. అది తేల్చే పరీక్ష మెమ్‌టెస్ట్. ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్‌తో పని లేకుండా నేరుగా దానితోనే కంప్యూటర్ మొదలెట్టాలి. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఉంది. స్టార్ట్ మెనూలో వెతికితే దొరుకుతుంది. అది తప్పు చూపిస్తే నమ్మొచ్చు, బాగుందంటే మాత్రం అంతగా నమ్మలేం. మెమ్‌టెస్ట్‌ను రాత్రి పడుకోబోయే ముందు మొదలెట్టి పొద్దున చూడడం మంచి పద్ధతి. ర్యామ్ మొత్తాన్ని నింపి, చదివి, తిరగేసి నింపి, మళ్లీ చదువుతుంది. పక్క గడిలో రాస్తే ఈ గడి కదులుతోందా అని కూడా చూస్తుంది. పొద్దున్నే తెర మీద ఎర్ర వరస ఒక్కటి కనిపించినా ఆ ర్యామ్ ఫెయిలే. ఆరు వేల కోట్ల గడుల్లో ఒక్కటేగా అనే లెక్క ఇక్కడ పనికిరాదు, ఆ గడిలో ఎవరు కూర్చుంటారో మన చేతుల్లో లేదు.

ఎర్రర్ వచ్చినా వెంటనే ర్యామ్ కొనకూడదు. ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే, బోర్డు సొంత సెట్టింగుల తెర) వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు చూడాలి. ఎక్స్‌ఎంపీ ఉండి, పెట్టె మీద 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 స్టిక్ చాలావరకు పుట్టుకతో 2133 లేదా 2400 లాంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే మామూలు 1.2 వోల్టుల బదులు 1.35 వోల్టులు తీసుకుని 3200కు చేరుతుంది. అది హామీ ఉన్న వేగమే అయినా ప్రతి బోర్డూ, ప్రతి ప్రాసెసరూ దాన్ని మోయలేదు. ఎక్స్‌ఎంపీ ఆపితే ఎర్రర్లు పోయాయంటే చాలావరకు ర్యామ్ చెడలేదు, పరుగు ఎక్కువైంది, అంతే. వేగం ఒక మెట్టు దించుకుంటే రోజువారీ పనిలో తేడా తెలియను కూడా తెలియదు. మైక్రోసాఫ్ట్ అధ్యయనంలోనూ, ఉన్న వేగం కంటే కాస్త తగ్గించి నడిపిన మెషీన్లు తక్కువగా పడిపోయాయి.

ఎక్స్‌ఎంపీ ఆపినా ఎర్రర్లు వస్తుంటే అప్పుడు అటూ ఇటూ మార్చి చూడాలి. రెండు స్టిక్కులు, రెండు స్లాట్లు ఉంటే నాలుగు పరీక్షలు. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఫెయిలైతే తప్పు స్టిక్‌ది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్ ఫెయిలైతే తప్పు స్లాట్‌దో, ప్రాసెసర్ కింద వంగిన పిన్నుదో. విడివిడిగా రెండూ పాసై, కలిపితే ఫెయిలైతే ఆ రెంటికీ జత కుదరలేదు, లేదా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ అంత బరువు మోయలేకపోతోంది. పాత 8 జీబీకి తోడు ఇంకో కంపెనీ 8 జీబీ కొని పెట్టినప్పుడు ఎక్కువగా కనిపించేది ఈ మూడోదే. ఈ నాలుగు పరీక్షలకు ఒక ఆదివారం పోతుంది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే మాత్రం ఆ ఆదివారం వృథా, ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచి పచ్చగా పాస్ అన్నా కేసు కొట్టేసినట్టు కాదు. ఆ పరీక్షలో గ్రాఫిక్స్ కార్డు నిద్రపోతుంటుంది, ఎస్‌ఎంపీఎస్ మీద బరువు పడదు. విండోస్‌లో ఉండగా చేయదగ్గ ఇంకో పరీక్ష ఉంది. నాలుగైదు జీబీల పెద్ద ఫైలు ఒకటి తీసుకుని దాని హ్యాష్ లెక్కించాలి. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్ని నమిలి ఇచ్చే ఒక పొడుగాటి సంఖ్య, ఫైలు మారకపోతే అదీ మారకూడదు. రీస్టార్ట్ చేసి మళ్లీ లెక్కించినప్పుడు సంఖ్య మారిందంటే ర్యామో, ప్రాసెసరో, డిస్క్ దారో అబద్ధమాడుతున్నట్టే. రీస్టార్ట్ ఎందుకంటే విండోస్ ఒకసారి చదివిన ఫైలును ర్యామ్‌లోనే దాచుకుంటుంది, రెండోసారి డిస్క్ దాకా పోకుండా అక్కడి నుంచే చదివి అదే తప్పు సంఖ్య చూపించవచ్చు.

ర్యామ్ కానప్పుడు

ఎస్‌ఎంపీఎస్ చెడితే అది తన పేరు ఎక్కడా చెప్పుకోదు. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 వరకు ఉండొచ్చు. బయోస్ తెర మీద కనిపించే అంకె కంటే మల్టీమీటర్ మాట నమ్మదగ్గది, అదీ కంప్యూటర్ బరువైన పని చేస్తున్నప్పుడు కొలిస్తేనే. ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపించి, ఆట మొదలవగానే 11 దగ్గరికి జారేవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచే ఉంటుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అది ఎర్తింగ్ లేని సంగతి. కంప్యూటర్ మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించిన ఇళ్లు కోకొల్లలు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కోసం పెట్టిన కెపాసిటర్లు ఎర్త్ దొరక్క, మెయిన్స్ వోల్టేజీలో దాదాపు సగాన్ని క్యాబినెట్ మీద తేలుస్తాయి. కరెంటు అతి స్వల్పం కాబట్టి మనిషికి జివ్వుమని ఊరుకుంటుంది. అదే క్యాబినెట్‌కు టీవీనో, ప్రింటరో కేబుల్ పెడుతుంటే పోర్టు కాలిపోవచ్చు. పిడుగుల కాలంలో ఇంకో దారి కూడా ఉంది: మెయిన్స్ ప్లగ్గు తీసేసి నిశ్చింతగా కూర్చుంటాం, ఇంటర్నెట్ రాగి కేబుల్ మాత్రం రూటరుకు తగిలించే ఉంటుంది. మర్నాటికి ల్యాన్ పోర్టు చచ్చిపోతుంది.

హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీలు కాస్త నిజాయితీపరులు. స్మార్ట్ అనే చిట్టాలో తమ రోగం తామే రాసుకుంటాయి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంతో చదవొచ్చు. హార్డ్ డిస్క్‌లో 5, 197 నంబర్ల వరసలు సున్నా దాటి పెరుగుతుంటే డిస్క్ పోతోందనే అర్థం. 199వ వరస ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కాదు, దానికి తగిలించిన సాటా కేబుల్ చెడింది. చవక కేబుల్ మారిస్తే పోయేదానికి డిస్క్ మార్చేవాళ్లున్నారు. టైము రోజూ పాత తేదీకి వెళ్లిపోతుంటే బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, గడియారాల షాపులో దొరుకుతుంది.

ల్యాప్‌టాప్‌తో ఇన్ని ఆటలు కుదరవు. పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. ఒక గడి చెడితే బోర్డు మార్చమంటారు. అలాంటప్పుడు ఒక ఉపాయం ఉంది: మెమ్‌టెస్ట్ చూపిన చెడ్డ చిరునామా రాసుకుని, ఆ చోటును వాడొద్దని లైనక్స్‌కు గానీ విండోస్‌కు గానీ చెప్పి పెట్టవచ్చు. కమాండ్లు టైప్ చేయడానికి జంకనివాళ్లు చేసుకోవచ్చు, కానీ చెడ్డ గడులు పెరుగుతూ పోతే అదీ నిలవదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు పట్టించుకోవాలంటే, ‘ఏదో ఒక ర్యామ్ కొని పెట్టి చూద్దాం’ అనే రోజులు పోయాయి. ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ లాగేసుకోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనేటప్పుడు రెండ్రోజుల గడువు అడిగి, మొదటి రాత్రే మెమ్‌టెస్ట్ పెట్టడం ఇంతకు ముందు అతి జాగ్రత్త అనిపించేదేమో. పాత స్టిక్ మీద స్టిక్కర్ పీకకుండా చూసుకుంటే వారంటీ కూడా మిగిలి ఉండొచ్చు. చాలా బ్రాండ్లు ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. ఎర్ర వరసల తెరను ఫోన్‌తో ఫొటో తీసి జత చేస్తే వాదన తగ్గుతుంది. జంటగా కొన్న కిట్ అయితే ఒకటే చెడినా రెండూ పంపమంటారు, ఆ వారం పది రోజులు నడపడానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి.

చెడ్డ స్టిక్ తీసేశాక దాని మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టండి. లేకపోతే ఆర్నెల్లకు డ్రాయర్‌లో కనిపించి, ‘ఇదెందుకు ఊరికే పడుంది’ అని ఎవరో ఒకరు ఇంకో కంప్యూటర్‌లో పెడతారు. సిస్టం పడిపోవడం మొదలైన తేదీ కాగితం మీద ఉంటుంది కదా, ఆ తేదీ తర్వాత సేవ్ చేసిన ఫొటోలు, టాలీ డేటా, జిప్ ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. పక్కన పెట్టిన పాత బ్యాకప్ అవసరం పడేది అప్పుడే.